తలుపు మీద పసుపు

దేముడమ్మకి ఆ నీలం కారు కొనకముందే తెలుసు. కలలో చూసింది మరి. శృంగవరపుకోట దాటాక కొండల మొదటికి పోయే రోడ్డు ఉంటుంది కదా, అక్కడ తెల్లారగట్ల, మంచు ఇంకా పొలాల మీంచి లేవకముందు, పాలపిట్ట రెక్క విప్పితే లోపల తళుక్కుమనే నీలం ఉంటుందే, ఆ రంగు బండి ఒకటి చప్పుడు లేకుండా వెళ్ళేది. కిటికీలోంచి కూతురు దుర్గాభవాని చెయ్యి ఒక్కటే బయటికి ఉండేది, ఆకుపచ్చ గాజులతో. బండి మలుపు తిరిగేది, మంచు దాన్ని కప్పేసేది, అయినా దేముడమ్మకి భయం వేసేది కాదు. మలుపు అవతల పిల్ల బాగానే ఉంటుందని కలలోనే ఆవిడకి తెలిసిపోయేది.

అంతకు ముందు వచ్చే కల వేరు. అందులో స్కూటరు ఉండేది. దుర్గాభవాని కొండ మొదట ఉన్న బడిలో టీచరమ్మ. మొగుడు సైన్యంలో, ఎక్కడో మంచుకొండల్లో కాపలా. పిల్ల పుట్టింట్లోనే ఉండి రోజూ స్కూటరు మీద బడికి వెళ్ళొచ్చేది. పోయిన వానాకాలం, ఎర్రమట్టి కొట్టుకొచ్చిన మలుపులో బండి జారింది. భుజం ఎముక విరిగింది. కొన్నాళ్ళకి ఎముక అతుక్కుంది గాని తల్లికి నిద్ర అతుక్కోలేదు. పెంకుల మీద నాలుగు చినుకులు పడ్డాయా, ఇక లేచి కూర్చునేది. రోడ్డు మీద ఇనుము ఈడ్చుకుపోయిన చప్పుడు చెవిలో వినపడేది, తను ఆ రోజు అక్కడ లేకపోయినా.

అందుకని ఆ ఏడు జీడిపిక్కలు బాగా దిగి, చేతిలో కాస్త డబ్బు ఆడేటప్పటికి, పెళ్ళయిన నాటినుంచీ నాకిది కావాలని నోరు తెరిచి అడగని మనిషి, భోజనాల దగ్గర మొగుడితో పిల్లకి కారు కొందామంది. మొగుడు నారాయణమూర్తి మాటల మనిషి కాదు. ముద్ద నమిలి, మింగి, మజ్జిగ పోయించుకుని, అప్పుడన్నాడు.

"రంగేటి?"

చూశారా, ఆయనకీ తెలుసన్నమాట. ఒకే మంచం పక్కన ఇన్నేళ్ళు పడుకున్నవాళ్ళకి ఒకళ్ళ కలలు ఒకళ్ళకి కొంచెం కారతాయేమో.

విజయనగరంలో కార్లు అమ్మే షోరూములో ధనరాజ్ ఉన్నాడు. దేముడమ్మ అన్నగారి కొడుకు, చిన్నప్పుడు తల్లి పోతే ఈవిడ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. మేనల్లుడనే మాటే గాని కొడుకులాంటివాడు. కబురు చెప్పగానే వాడు, అత్తా, ఇదంతా నాకొగ్గేయ్, నాను చూసుకుంటానన్నాడు. ఒక్కటే చిక్కు. జ్యేష్ఠం అయిపోవస్తోంది. ఆషాఢం వచ్చిందంటే ఎవరూ కొత్త వస్తువు గడప దాటించరు. ఆ నీలం రంగేమో దొరకడం లేదు. వెనక్కి ఆగితే శ్రావణం. ఈ మధ్యలో వానలు.

అమావాస్య దగ్గర పడుతుండగా ధనరాజ్ ఫోను చేశాడు. నీలం బండి ఒకటి ఉంది, యార్డులో ఒక్కటంటే ఒక్కటే, బేగి తీసుకోవాలి అన్నాడు. దేముడమ్మ గోడకి చేరగిలబడిపోయింది. ఎవరికోసమో కాదు, తనకోసమే అమ్మవారు దాన్ని అట్టిపెట్టిందనుకుంది. ఇంతమంది ఊరంతా కొనుక్కుంటుంటే ఆ ఒక్కటీ ఎందుకు మిగిలిందని అడగాలని ఆవిడకి తోచలేదు. ఎవరికి తోస్తుంది, కలలో వస్తువు కళ్ళముందుకొస్తే.

ఆ షోరూముకి వెళ్ళినప్పుడు మొగుడూ పెళ్ళాం చెప్పులు బయట విడిచారు. అద్దాల తలుపు పక్కన, గుడి మెట్ల దగ్గర విడిచినట్టే విడిచి, లోపలికి అడుగు పెట్టారు. కాపలా మనిషి నవ్వుకుని ఊరుకున్నాడు. లోపల నేల నున్నగా, చల్లగా, పైన దీపాలు తెల్లగా, ఎక్కడినుంచో సన్నగా వీణ పాట. దేముడమ్మకి గర్భగుడి ముందు నిలబడ్డట్టే అనిపించింది. గుడిలో దేవుణ్ణి ఎవరు తడిమి చూస్తారు?

నారాయణమూర్తి సంగతి చెప్పాలి. సంతలో ఎద్దుని కొనాలంటే ఆయన పొద్దు గూకేదాకా అక్కడే ఉండే మనిషి. నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు. సుళ్ళు చూసేవాడు. తోక ఎత్తి చూసేవాడు. బురదలో నడిపించి, గట్టు మీద నడిపించి, చివరికి చెంబుతో నీళ్ళు తెప్పించి వీపు మీద పోసి, వెంట్రుకలు తడిసి అణిగితే కింద పాత పుండేమన్నా ఉందేమోనని వేలితో రాసి చూసేవాడు. అమ్మేవాడు విసుక్కుని, ఇదేటి మావా, ఎద్దుని కొంటావా పిల్లనిస్తావా అంటే కూడా పలికేవాడు కాదు. అలాంటి మనిషి ఆ మెత్తని సోఫా అంచున, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరింటికో పెళ్ళిచూపులకి వచ్చినట్టు కూర్చున్నాడు.

కారు ఎదురుగానే ఉంది. ఎర్ర పట్టుగుడ్డ కప్పి, మీద చామంతుల దండ వేసి ఉంది. కప్పి ఉంచమన్నది దేముడమ్మే. వాళ్ళింట్లో ఒక అలవాటు. ఆడపిల్ల కోసం తెచ్చిన వస్తువు, చీర గానీ సొమ్ము గానీ చివరికి దూడ గానీ, మంచి ఘడియ వచ్చేదాకా మూతే. ముందే కళ్ళు పడితే ఆ వస్తువు పిల్లకి అచ్చి రాదని వాళ్ళ అమ్మ చెప్పేది, అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. సంతకాలు ముందు పెట్టాలి, ఘడియ తర్వాత వస్తుంది. కాగితం మీద, బండి అంతా చూసుకున్నాను, బాగుంది, తీసుకుంటున్నాను అని రాసి ఉంది. దుర్గాభవాని చదివింది. ఒకసారి గుడ్డ తీయించి చూసి పెడదామమ్మా అంది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"మన ధనరాజు సూసేడు కదే. ఇంకేటి సూడ్డం."

బండి దేముడమ్మ పేరునే. పెన్ను గట్టిగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఆవిడే సంతకం పెట్టింది. ధనరాజ్ ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. ఎందుకో వాడు నేల వంక చూస్తున్నాడు. అది కూడా భక్తేననుకుంది ఆవిడ.

ఘడియ వచ్చింది. పట్టుగుడ్డ జారింది. పూలరేకులు పడ్డాయి, అందరూ చప్పట్లు కొట్టారు. దేముడమ్మకి మనుషులు కనపడలేదు, చక్రాలు కనపడలేదు, దీపాలు కనపడలేదు. రంగొక్కటే కనపడింది. ఆ నీలం కలలోంచి అలాగే నడిచొచ్చి తన ముందు నిలబడ్డట్టుంటే కళ్ళనిండా నీళ్ళు తిరిగి, ఆ నీళ్ళలో బండి కూడా కదిలింది.

పైడితల్లమ్మ గుడికి తీసుకెళ్ళారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. కూతురు నడుపుతుంటే దేముడమ్మ పక్కన కూర్చుని శృంగవరపుకోట దాకా నోరెత్తలేదు. ఇంటికొచ్చాక గిన్నెలో పసుపు ముద్దగా కలిపి, కొత్తగా ఇంటికొచ్చిన ఎద్దుకి ఎలా పూస్తారో అలా, నాలుగు తలుపులకీ తన అరచేత్తోనే పూసింది. మీద కుంకం బొట్లు పెట్టింది. ఆ రాత్రి పెంకుల మీద వాన పడ్డా ఆవిడ లేవలేదు.

పొద్దున్నే కడిగితే మూడు తలుపుల మీద పసుపు పోయింది. నాలుగోదాని మీద పోలేదు. నడిపేవాళ్ళు కూర్చునే వైపు, దుర్గాభవాని వైపు తలుపు. సబ్బు పెట్టారు, శనగపిండి పెట్టారు. కుంకం పోయింది గాని పసుపు మాత్రం ఆ నీలం మీద అలాగే, వెన్నెల పడ్డ చెరువులా, అరచేతి ఆకారంలో నిలిచిపోయింది. ఐదు వేళ్ళూ తెలుస్తున్నాయి.

పక్కింటి అసిరమ్మ చూసి రెండు చేతులూ జోడించేసింది. ఆవిడ ఊళ్ళో పెద్దది, పండగలకి ఘటం ఎత్తేది ఆవిడే. ఆవిడన్న మాట వీధంతా పాకింది. మిగతా తలుపుల మీద లేకుండా పిల్ల కూర్చునే తలుపు మీదే పసుపు ఎందుకుంటాది, అమ్మవారు అక్కడ చెయ్యేసి పట్టుకున్నాది కాబట్టి. ఇంకేముంది, మందార పువ్వులు తెచ్చి అద్దం దగ్గర పెట్టేవాళ్ళూ, పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆ తలుపుకి నుదురు తాకించేవాళ్ళూ. దేముడమ్మ ఆ నాలుగు రోజులూ నేల మీద నడవలేదంటే నమ్మండి. గడ్డి కోస్తున్నా, పిడకల దాలి దగ్గర పాలు కాగుతున్నా, ఆ అరచెయ్యి కళ్ళలో మెత్తగా వెలుగుతూనే ఉండేది. కూతురు బండి తీసుకుని బడికెళ్తుంటే గుమ్మంలో నిలబడి, ఆ పసుపు దూరంగా చుక్కలా అయిపోయేదాకా చూసేది.

ఒకనాడు బడికి సెలవు. మధ్యాహ్నం వాన వెలిసి ఎండ కాసింది. చెట్లనుంచి నీళ్ళు కారుతున్నాయి, తూనీగలు తిరుగుతున్నాయి. దేముడమ్మ చీర చెంగుతో బండి తుడుస్తూ, ఊరికే, బిడ్డ వీపు నిమిరినట్టు నిమురుకుంటూ చుట్టూ తిరిగింది. వెనక తలుపు మీద చెయ్యి జర్రున జారింది, అద్దం మీద జారినట్టు. ముందు తలుపు మీదికి వచ్చేసరికి ఆగింది. ఆగిందంటే పెద్దగా ఏమీ లేదు. వేళ్ళకింద సన్నని రవ్వ తగిలింది, జల్లెడ పట్టని పిండిలాగ. మళ్ళీ వెనక్కి వెళ్ళి అక్కడ నిమిరింది. మళ్ళీ ముందుకొచ్చింది. కళ్ళు మూసుకుని నిమిరింది. కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా తెలిసింది. ఆవిడ ఒళ్ళంతా నెమ్మదిగా చల్లబడిపోయింది, నిద్రలో దుప్పటి ఎవరో లాగేసినట్టు.

మొగుణ్ణి పిలిచింది. ఏమిటని చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆ తలుపు మీద పెట్టింది, అంతే. నారాయణమూర్తి ఏమీ అడక్కుండా పెరట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి పోశాడు. వెనక తలుపు మీద నీళ్ళు ముత్యాల్లా జారి పడ్డాయి. ముందు తలుపు మీద పల్చటి గుడ్డలా పరుచుకుని, పసుపు చేతి చుట్టూ అక్కడే ఉండిపోయాయి. ఆయన చాలాసేపు చూశాడు. సంతలో పుండు మానిన ఎద్దు మీద మసీ ఆముదమూ కలిపి పూసి తెచ్చేవాళ్ళు గుర్తొచ్చారేమో.

"ఇది తరవాత పూసిన రంగే, దేముడూ. ఇంకా పచ్చిగున్నాది. అందుకే పసుపు తాగేసినాది."

దుర్గాభవాని వచ్చి తలుపు తెరిచింది. తలుపు అంచుకుండే నల్ల రబ్బరు మీద నీలం తుంపరలు ఉన్నాయి. అప్పుడు గాని ఎవరూ చూడలేదు. మందార పువ్వొకటి అద్దం దగ్గరనుంచి జారి కింద పడింది.

ఇక ఆ రాత్రి వచ్చిన కల మామూలు కల కాదు. బండి అదే, కొండ అదే, మంచు అదే. కిటికీలోంచి చెయ్యి మాత్రం లేదు. తలుపు నిండా పసుపే, కిటికీ కూడా పసుపుతో పూడిపోయింది. లోపల పిల్ల ఉందో లేదో తెలియడం లేదు. దేముడమ్మ బండి వెనక పరిగెడుతూ, ఒకసారి తలుపు తియ్యే, మొహం చూపించే అని అడుగుతోంది. బండికి చప్పుడు లేదు కదా, ఈవిడ గొంతుక్కూడా చప్పుడు లేదు.

పొద్దున లేచి, ఈ బండి ఇక గడప దాటడానికి వీల్లేదంది. దుర్గాభవాని కూడా అదే మాటన్నది, వేరే దారిలో వచ్చి. వినియోగదారులకని గవర్నమెంటు వాళ్ళ ఫోను నెంబరు ఒకటి ఉంటుందట, దానికి చేసి అడిగింది. ఆ అమ్మాయెవరో ఓపిగ్గా చెప్పిందట. కొత్తదని అమ్మినప్పుడు దానికి దెబ్బ తగిలి బాగుచేసి ఉంటే ఆ సంగతి చెప్పి తీరాలి, తెలుసుకునే హక్కు కొనేవాళ్ళకి ఉంది. అయితే కొనేవాళ్ళు చెయ్యాల్సినదీ ఉంది. తెలిసిన వెంటనే రాసివ్వాలి, బిల్లు దాచుకోవాలి, మచ్చని మచ్చగానే ఉంచి ఫొటోలు తియ్యాలి, తెలిశాక కూడా ఊళ్ళన్నీ తిప్పి ఆనక అరిగిపోయిందని పేచీ పెట్టకూడదు. ఇంకా నెంబరు ప్లేటు రాలేదు కాబట్టి బేగి వెళ్ళడం మంచిదని కూడా అందట. దుర్గాభవాని ఆటోలో కొంత దూరం, నడిచి కొంత దూరం బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. వాన పడి ఆటో దొరక్కపోతే పాత స్కూటరే తీసేది. తల్లి గుండె మళ్ళీ పాత చోటికే వచ్చింది.

బండిని తిరిగి ఇచ్చేస్తారని తెలిసి అసిరమ్మ ఊరుకోలేదు. బొట్టెట్టి ఇంటికి తెచ్చుకున్నదాన్ని ఎవరైనా వెనక్కి పంపుతారా, అమ్మవారు చెయ్యేసిన బండి, ఏటి దేముడూ నీకు మతి పోయినాదేటి అని వాకిట్లో నిలబడి గట్టిగానే అడిగింది. దేముడమ్మకీ అదే కదా గుండెల్లో ముల్లు. పసుపు పూసింది తను. పసుపు అబద్ధమాడదు. మరి ఆ పసుపు చూపించిందేమిటి, అమ్మవారు చెయ్యేసి పట్టుకున్నాననా, లేక ఇక్కడ చూడవే అనా? రెండు రోజులు ఆవిడ ఆ మాటని నోట్లో తమలపాకులా అటూ ఇటూ తిప్పుకుంది.

సంగతి తెలిసి ధనరాజ్ ఒక సాయంత్రం పూట వచ్చాడు. రోజూ అత్తా అంటూ సరాసరి వంటింట్లోకి వచ్చేవాడు, ఆ రోజు అరుగు మీదే కూలబడ్డాడు. ఈవిడ కోడిగుడ్డు పులుసు వేసి అన్నం పెట్టింది. తిననిచ్చింది. కంచం ముందు కూర్చున్నవాణ్ణి అడిగే అలవాటు ఆవిడకి లేదు. చెయ్యి కడుక్కున్నాక వాడే మొదలుపెట్టాడు. గొడవ చెయ్యొద్దత్తా, తలుపు ఇంకోసారి మంచి రంగు వేయించి ఇప్పిస్తాను, సీటు కవర్లు కూడా వేయిస్తాను, పెద్దది చేస్తే నా ఉద్యోగానికొస్తాది అన్నాడు. లారీ మీంచి దించేటప్పుడు జారి యార్డులో స్తంభానికి తగిలిందట. తలుపు సొట్ట తీసి రంగేశారట. నీలం రంగే కావాలని, అమావాస్య లోపలే కావాలని నువ్వు కలవరిస్తుంటే ఇంకేం చెయ్యనత్తా అన్నాడు.

అదీ నిజమే. దేముడమ్మ ఆ మాట దగ్గర కాసేపు ఆగింది. తొందర తనది. రంగు తనది. గుడ్డ కప్పించింది తను.

"తలుపొక్కటే అత్తా. లోపలేటీ అవలేదు."

"లోపల నువ్వు సూసేవేటి?"

వాడు తువ్వాలు అందుకుని తడి చెయ్యి తుడుచుకున్నాడు.

"తలుపిప్పి లోపల ఇనుము ఒంగిందో లేదో సూసేవేటిరా?"

"నాను సూళ్ళేదు. రంగేసినోళ్ళు సూసుంటారు."

"సూసుంటారు." ఆవిడ ఆ మాటని మెల్లిగా మళ్ళీ అంది. "నీ మీద నమ్మకంతో నాను సూడ్డం మానేసినాను. ఆళ్ళ మీద నమ్మకంతో నువ్వు మానేసినావు. రేపు వానలో ఆ మలుపు కాడ మీ ఒదినకి ఏ లారీయో తగిలితే, ఆ తలుపు ఎవర్ని నమ్ముకుని నిలబడతాదిరా, ధనరాజూ?"

దుర్గాభవాని వాడికన్నా పెద్దది, వాణ్ణి చంకనేసుకుని తిరిగింది. ఆమె భుజం కట్టుతో ఉన్నప్పుడు వాడే వచ్చి చూసి వెళ్ళేవాడు, స్కూటరు కూడా వాడే బాగుచేయించాడు. వెళ్తూ వెళ్తూ వాకిట్లో బండి దగ్గర ఆగి, ఆ పసుపు చెయ్యి మీద తన చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలిసింది దేముడమ్మకి. పసుపు ఏమన్నదో ఇక ఎవర్నీ అడగాల్సిన పని లేదని.

వాళ్ళు షోరూముకి వెళ్ళేటప్పటికి ఆషాఢం వచ్చేసింది. మేనేజరు జగన్నాధం మెత్తని మనిషి. టీ తెప్పించాడు, ఫ్యాను తిప్పించాడు, అమ్మా అమ్మా అంటూనే అన్నీ చెప్పాడు. బండి అంతా చూసుకున్నామని సంతకం ఉందన్నాడు. చిన్న గీతలు ఏ బండికైనా వస్తాయన్నాడు. పైగా గుడిలో పూజ చేయించి, బొట్టు పెట్టి తీసుకెళ్ళిన బండి, పెద్దవారు మీకు నేను చెప్పాలా, వెనక్కి ఇవ్వడం శుభమా అన్నాడు. అసిరమ్మ అడిగిన మాటే. అసిరమ్మ నోట భయం పుట్టించిన మాట, ఇతని నోట వినేసరికి దేముడమ్మకి ఎందుకో భయం పోయింది.

"సంతకం నాదే బాబూ. సూడకుండా ఎట్టేను. అది నా తప్పు, కాదనను. ఇక్కడెవరూ నా కళ్ళు మూయలేదు, నానే మూసుకున్నాను. కానీ తలుపుకి దెబ్బ తగిలినాదని మీకు తెలుసు. తెలిసీ సెప్పలేదు. నా తప్పు నాను మోస్తాను గాని, మీదెందుకు మోస్తాను? బొట్టు కొత్త బండికని ఎట్టేను. దానికి తగల్లేదు ఆ బొట్టు."

జగన్నాధం చిరునవ్వు తియ్యకుండానే, దెబ్బ తగిలిందని మీకెవరు చెప్పారమ్మా, రుజువేముంది అన్నాడు. దుర్గాభవాని తను రాసుకొచ్చిన కాగితం, ఫొటోలు బల్ల మీద పెట్టింది. అతను వాటిని చూడలేదు. అప్పుడు గోడ దగ్గర నిలబడ్డ ధనరాజ్ గొంతు సవరించుకున్నాడు.

"తగిలింది సార్. దించింది నేనే. వినియోగదారుల కమిషన్ ముందు అడిగినా ఇదే చెప్తాను."

దేముడమ్మ మేనల్లుడి వంక చూడలేదు. చూస్తే ఏడుస్తాడని తెలుసు.

జగన్నాధం లోపలికెళ్ళి ఎవరితోనో చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగొచ్చినప్పుడు నవ్వు లేదు గాని మాట సూటిగా ఉంది. బండి వెనక్కి తీసుకుంటాం, మారుస్తాం. నీలం శ్రావణంలో వస్తుంది, మంచి రోజు చూసి ఇస్తాం, ఈసారి అచ్చంగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. లేదూ ఇప్పుడే కావాలంటే యార్డులో బూడిద రంగుది ఉంది. కానీ ఆషాఢంలో ఎవరు తీసుకుంటారమ్మా, శ్రావణం దాకా ఆగండి, మీ రంగే వస్తుంది అన్నాడు. ధనరాజ్ సంగతి అతను ఏమీ అనలేదు. వాడు బల్ల మీద తాళాలు సర్దుతూ ఉన్నాడు.

దేముడమ్మ కళ్ళముందుకి ఆ నీలం మళ్ళీ వచ్చింది. శ్రావణ మాసం, మామిడాకులు, పట్టుగుడ్డ, పాలపిట్ట రెక్క. ఎంత దగ్గరగా ఉందో. నెల రోజులు కళ్ళు మూసుకుంటే చాలు. అద్దాల అవతల వాన మొదలైంది. రోడ్డు మీద ఎవరో ఆడమనిషి స్కూటరు మీద, రెయిన్ కోటు తలమీదకి లాక్కుంటూ, ఒంటి చేత్తో హ్యాండిలు పట్టుకుని వెళ్తోంది.

నారాయణమూర్తి పెళ్ళాం వంక చూశాడు. ఆషాఢం అని ఆయన అనలేదు. ఆవిడే ఆ మాట అంటుందేమోనని ఆగాడు.

"ఆ బూడిద రంగుది బయటెట్టించు బాబూ. గుడ్డ కప్పొద్దు. దండెయ్యొద్దు."

వాన వెలిసేదాకా ఆగారు. వెలిశాక యార్డులో ఆ బండిని తెచ్చి ఎండలో నిలబెట్టారు. ఆషాఢం కదా, కొనేవాళ్ళు ఎవరూ లేరు, హడావిడి లేదు, పూలరేకులు లేవు. కొండమీంచి వచ్చిన మబ్బులు దూరంగా వెళ్ళిపోతున్నాయి. బూడిద రంగంటే బూడిద కాదు, వాన వెలిశాక పావురం మెడలాగ ఉంది. దేముడమ్మ చీర చెంగు నడుముకి దోపుకుంది. నారాయణమూర్తి చెంబు అడిగితే ఎవరో బకెట్టు తెచ్చి ఇచ్చారు. దుర్గాభవాని ప్రతి తలుపూ తెరిచి అంచులు చూసింది, డిక్కీ తెరిచి అడుగు చూసింది, లోపల మ్యాట్లు ఎత్తి, బెల్టులు లాగి చూసింది. ధనరాజ్ బానెట్ ఎత్తి పట్టుకున్నాడు.

దేముడమ్మ మాత్రం ఏ భాగం పేరూ తెలియక, పేర్లతో పని లేక, కళ్ళు సగం మూసుకుని, ఇనుము మీద అరచెయ్యి ఆనించి నడిచింది. నున్నగా, వానకి చల్లగా ఉంది. కొంచెం నడిచి ఆగేది, నడిచి ఆగేది. రంగులో తన మొహం కనిపించేది, వెనకాల మబ్బు కనిపించేది, కూతురు అటు ఇటు తిరిగే నీడ కనిపించేది. ఏదో ఏరు ఒడ్డున చెయ్యి నీళ్ళలో వేలాడేసుకుని నడుస్తున్నట్టుంది ఆవిడకి. పని చేసుకునేవాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు, ఎవరూ నవ్వలేదు.

జగన్నాధం కాగితాలు అట్టమీద పెట్టుకుని, పెన్ను మూత తీసి, పక్కన నిలబడ్డాడు. సంతకం ఒక్కటే మిగిలిందమ్మా, పెడితే అయిపోతుంది అన్నాడు.

"కాసేపాగు బాబూ," అంది దేముడమ్మ, చెయ్యి తియ్యకుండా. "ఇంకా ఆ పక్క సూడాల."